ఎడమ చేతి బ్రేకు

చొక్కాలు కుట్టే కార్ఖానాలో గుండీల మిషను మీద కూర్చునేది కాబట్టి ఆవిడకి గుండీలక్క అన్న పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ అక్కర్లేకపోయింది. మనిషి పొట్టి, గట్టి. మాటా అంతే. తల్లి పోయాక తమ్ముణ్ణి తనే పెంచింది. వాడి చొక్కాకి గుండీ ఊడితే విప్పమనకుండా ఒంటి మీదే కుట్టేసేది. "కదిలావంటే నిన్నూ కలిపి కుట్టేస్తాను" అనేది. వాడికి పెళ్ళి చేసింది, పక్క వీధిలో కాపురం పెట్టించింది. తన పెళ్ళి సంగతి ఎవరైనా ఎత్తితే, "నాకు తీరికేదీ" అని సూదిలో దారం ఎక్కించుకునేది.

ఒకరోజు పొద్దున్న తమ్ముడు ఆవిడ స్కూటరు అడిగి తీసుకుని నీళ్ళ మోటారుకి వాషరు కొనడానికి బయల్దేరాడు. మలుపు దగ్గర ఎవరో రోడ్డు దాటుతుంటే ఆగబోయాడు. వెనకనుంచి రొట్టెల వ్యాను వచ్చి గుద్దింది. తలకి ఏమీ కాలేదు, చేతులకి గీతలు పడ్డాయంతే. దెబ్బంతా వెన్నుకి తగిలింది. నడుము కింద గిల్లితే తెలియడం లేదు. డాక్టరు చూద్దాం అన్నాడు.

వాణ్ణి ఆస్పత్రిలో చేర్చింది కూడా ఆ వ్యాను డ్రైవరే. వార్డు గుమ్మం దగ్గర నిలబడి, భుజం మీది తువ్వాలు నలుపుకుంటూ, ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు.

"వెనక లైటు వెలగలేదమ్మా. బ్రేకు వేశాడని నాకెలా తెలుస్తుంది?"

మరదలు తలెత్తి వదిన వైపు చూసింది. ఒక్క మాట అనలేదు. మర్నాడూ అనలేదు. అన్నం గిన్నె అందుకునేది, మందుల చీటీ చేతికిచ్చేది, కళ్ళు మాత్రం కలిపేది కాదు. నాలుగు తిట్టినా గుండీలక్క ప్రాణం కొంత కుదుటపడేది.

పోలీసులు స్కూటరు చూసి రాసుకుని తిరిగిచ్చేశారు. వెనక మడ్గార్డు లోపలికి నొక్కుకుపోయింది, లైటు మీది ఎర్ర అద్దం బీటలిచ్చింది, అంతే. గుండీలక్క దాన్ని దొడ్లోకి తోసుకొచ్చి, వెనక భాగం సున్నం గోడకి దగ్గరగా పెట్టి నిలబెట్టింది. తాళం తిప్పి, ఎడమ చేతి బ్రేకు నొక్కి, మెడ తిప్పి చూసింది. గోడ తెల్లగానే ఉంది. మళ్ళీ నొక్కింది. వేళ్ళు పాలిపోయేదాకా నొక్కి పట్టుకుంది. ఎరుపన్నది పడలేదు.

గుద్దినప్పుడు బల్బు పోయుంటుంది అనుకుంది. అలా అనుకోగానే కాస్త ఊపిరాడింది. మిషనుకి వాడే చిన్న స్క్రూడ్రైవరుతో అద్దం విప్పి, బల్బు తీసి వెలుతురుకి పెట్టి చూసింది. లోపల సన్నటి తీగలు రెండూ చక్కగా ఉన్నాయి. బల్బు పగిలిపోయుంటే బాగుండునని అంతలా కోరుకున్న మనిషి ఇంకొకరు ఉండి ఉండరు.

బండిని తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి వెళ్ళింది. ఆయన బండినీ బండి గలవాళ్ళనీ కలిపి తిట్టే రకం. అందరూ నస మెకానిక్ అనేవాళ్ళు. ఆరోజు మాత్రం ఆవిడ మొహం చూసి నస పెట్టలేదు.

"ఎప్పట్నుంచి వెలగడం లేదో నాకు తెలియాలి. బాగు చెయ్యడం తర్వాత సంగతి" అంది.

ఆయన బల్బుని బ్యాటరీకి ఆనించాడు. వెలిగింది. దాన్ని మళ్ళీ బిగించి కుడి బ్రేకు పట్టాడు. వెనక ఎర్రగా వెలిగింది. గుండీలక్క గుండె ఒక్క గెంతు గెంతింది. తర్వాత ఎడమది పట్టాడు. వెలగలేదు. ఎడమ బ్రేకు దగ్గరికి వచ్చే వైర్లు రెండూ ఊడదీసి కొసలు కలిపాడు. వెలిగింది.

"వైర్లు బాగున్నాయి. బల్బు బాగుంది. ఈ స్విచ్చి పోయింది" అని గోరంత నల్లటి ముక్క ఊడదీసి ఆవిడ అరచేతిలో పెట్టాడు. "బ్రేకు పట్టగానే ఇందులోంచి పుల్ల బయటికి రావాలి. మట్టి పట్టి లోపలే బిగుసుకుపోయింది."

"గుద్దినప్పుడు అయ్యుంటుందిగా."

"ఈ తుప్పు చూడమ్మా. నిన్నా మొన్నా పట్టింది కాదు. వానాకాలం నుంచీ ఇలాగే ఉండుంటుంది. నువ్వు కుడి బ్రేకు వాడవా?"

"వాడను. జారుతుందని."

"మరి తమ్ముడు?"

గుండీలక్క ఆ ముక్క మీది తుప్పుని గోటితో గీకింది. తమ్ముడికి బండి నేర్పింది తనే. బడి మైదానంలో వెనక పరిగెడుతూ అరిచింది, కుడి దాని జోలికెళ్ళకురా, ఎగిరి పడతావు, ఎడమది చాలు అని. వాడు బుద్ధిగా విన్నాడు. చిన్నప్పట్నుంచీ అక్క మాట వినడం తప్ప ఇంకోటి తెలియనివాడు.

"లైటు లేనంత మాత్రాన బండి మాయమైపోతుందా? ముందు మనిషి కనపడడూ? ఆ వ్యానువాడు కాస్త దూరం పెట్టుకుని రావాలి" అని మెకానిక్ ఏదో చెబుతూనే ఉన్నాడు. కొత్త స్విచ్చి కూడా వేశాడు. పాతది చేతిరుమాల్లో చుట్టుకుని ఆవిడ ఆస్పత్రికి నడిచింది.

తమ్ముడు పైకప్పు చూస్తూ పడుకుని ఉన్నాడు. మరదలు నీళ్ళకని బయటికి వెళ్ళేదాకా ఆగి అడిగింది.

"ఆరోజు ఏ చేత్తో పట్టావురా బ్రేకు?"

"ఎడమ చేత్తోనే. నువ్వు నేర్పిందేగా."

పొద్దున్న ఏం తిన్నావంటే చెప్పినంత మామూలుగా చెప్పాడు. ఆ తర్వాత అక్క వైపు చూసి, "ఎందుకు?" అన్నాడు.

"ఊరికే."

మెట్ల దగ్గరికి వెళ్ళి కూలబడింది. పైట చెంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు రాలేదు. మర్నాడు కార్ఖానాలో గుండీలన్నీ వంకరగా పడ్డాయి. ఒక చొక్కాకి జేబు మీద కుట్టేసింది. సూపర్వైజరు వచ్చి మిషను ఆపించి ఇంటికి పొమ్మన్నాడు.

ఇంటికి పోలేదు. రొట్టెల బట్టీకి వెళ్ళింది. ఆ డ్రైవరు నిజం చెప్పాడు, మనసులో అతన్ని అన్నాళ్ళూ తిట్టుకుంది, కనీసం అతనికైనా ఆ సంగతి చెప్పాలనిపించింది. అతను వ్యానులో ట్రేలు సర్దుతున్నాడు. ఆవిణ్ణి చూసి మొహం తెల్లబోయింది. గుండీలక్క రుమాలు విప్పి ఆ నల్ల ముక్క అతని చేతిలో పెట్టింది.

"నువ్వు చెప్పింది నిజమే బాబూ. లైటు వెలగలేదు. ఇదిగో, ఇది పాడైంది. చూసుకోవలసింది నేను."

అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత ఖాళీ ట్రే బోర్లించి దాని మీద కూర్చుండిపోయాడు.

"నేను చూడలేదమ్మా."

"ఏం చూడలేదు?"

"లైటు. వెలిగిందో లేదో నేను చూడనే లేదు. పక్క సీట్లో ట్రే జారిపోతుంటే పట్టుకోబోయాను. తలెత్తేసరికి మీవాడు ముందున్నాడు. భయమేసి నోటికొచ్చింది అనేశాను."

ఆ మాటతో తేలికపడాలి. పడలేదు. వ్యాను తలుపు పట్టుకుంది.

"అయితే లైటు వెలిగినా గుద్దేవాడివేనా?"

"ఏమో. కంటి చివర ఎరుపు తగిలితే తలెత్తేవాణ్ణేమో. నాకూ అదే తెగడం లేదు. ముద్ద దిగడం లేదు."

"వచ్చి మా మరదలితో ఈ మాట చెప్పు."

"ఉద్యోగం పోతుందమ్మా."

"పోనీ. పద."

అతను వచ్చాడు. వార్డు బయట బల్ల దగ్గర ముగ్గురూ నిలబడ్డారు. ముందు అతను చెప్పాడు. తర్వాత గుండీలక్క తన సంగతి చెప్పింది, తుప్పు సంగతీ, నేర్పిన సంగతీ, దేన్నీ తగ్గించకుండా. మరదలు ఇద్దరినీ చివరిదాకా చెప్పనిచ్చింది.

"బాగుంది. తప్పు ఇద్దరూ చెరిసగం పంచుకున్నారు. ఆయన కాళ్ళు ఎవరు పంచుకుంటారు?" అంది. గొంతు పెంచలేదు. లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

డ్రైవరు స్టేషన్లోనూ అలాగే చెప్పాడు. ఉద్యోగం పోయింది. ఆ తర్వాత అతను వాళ్ళకి కనపడలేదు. తమ్ముణ్ణి ఇంటికి తెచ్చారు. కాళ్ళలోకి స్పర్శ రాలేదు. చూద్దాం అనే మాట డాక్టరు మెల్లగా మానేశాడు.

గుండీలక్క తన గదికి తాళం వేసి, పరుపు చుట్టుకుని వాళ్ళింటికి వచ్చేసింది. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. వీపు పుండు పడకుండా వాణ్ణి అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి, అది ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు. మరదలు పని మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడేది కాదు. పట్టుకో, వదులు, నీళ్ళు, దుప్పటి. వంటింట్లో ఎదురుపడితే పక్కకి తొలిగేది.

ఒక మధ్యాహ్నం వాణ్ణి తిప్పుతుంటే ఇద్దరి చేతులూ కుదరక చెరో వైపు లాగారు.

"ఏమిటి మీరిద్దరూ, నేనేమన్నా ఉతికిన దుప్పటినా, చెరో కొసా పట్టి పిండడానికి" అన్నాడు వాడు.

మరదలికి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడుపులోకి దిగింది. వాడి భుజం మీద నుదురు ఆనించి ఒళ్ళంతా కదిలిపోయేలా ఏడ్చింది. వాడు ఆమె జుట్టు మీద చెయ్యి వేసి పైకప్పు చూస్తూ ఉండిపోయాడు. ఆమెని ముట్టుకునే ధైర్యం గుండీలక్కకి లేకపోయింది. తమ్ముడి నడుము కింద ఇరుక్కున్న చెయ్యి తిమ్మిరెక్కుతున్నా అలాగే వంగి నిలబడింది.

కాసేపటికి మరదలు మొహం తుడుచుకుంది.

"వదినా, వీపు కింద పట్టు. అక్కడ కాదు, ఇంకొంచెం పైకి. ఆఁ, అక్కడ" అంది.

ఇద్దరూ కలిసి వాణ్ణి గోడ వైపుకి తిప్పారు.