పటంలో లేని గోడ

మా సార్జెంటు జాబెజ్ విట్లాక్‌కి ఏ గోడ చూసినా ఒక్క అడుగు తక్కువగా కనిపించేది. అది జబ్బో, భక్తో మాకెవరికీ అంతుపట్టలేదు. అమెరికా అంతర్యుద్ధానికి ముందు మిషిగన్‌లో బావులు తవ్వేవాడట. సైన్యంలో తుపాకీ ఇస్తే మొహమాటానికి పుచ్చుకున్నాడు గానీ, మనసంతా పార మీదే. మేం భార్యల ఫొటోలు చూసుకుని నిద్రపోతే, ఆయన పారకి నూనె రాసి పక్కలో పడుకోబెట్టుకునేవాడు.

ఒకసారి భోజనానికి అరగంట ఆగాం. కాఫీ మరిగేలోగా ఆయన నడుంలోతు గొయ్యి తవ్వి, అందులోంచి కప్పు చాపాడు.

"శత్రువులు ఇరవై మైళ్ళ అవతలున్నారు కదండీ!" అన్నాను.

"ఆ సంగతి నాకు తెలుసు. ఫిరంగి గుండుకి ఎవరు చెబుతారోయ్ లైమన్?"

పద్దెనిమిది వందల అరవై మూడు శరత్కాలంలో, టెనసీలో ఒక గుట్ట మీద మట్టికోట కట్టమని మా దళానికి ఆజ్ఞ వచ్చింది. కెప్టెన్ థేయర్ చదువుకున్న ఇంజనీరు. చక్కగా పటం గీసిచ్చి, "ఇటుకతో కడితే ఎంత అందంగా ఉండేదో!" అని నిట్టూర్చాడు.

"ఇటుకకి పౌరుషం ఎక్కువండీ," అన్నాడు సార్జెంటు. "గుండు తగిలితే ముక్కలై మన మొహాన్నే కొడుతుంది. మట్టి అలా కాదు. ఎంత పెట్టినా మింగి ఊరుకుంటుంది, మా మావగారిలాగ."

గుట్ట తూర్పు వాలులో ఇరవై గుడారాలుండేవి. బానిసత్వం నుంచి పారిపోయి, మా సైన్యాన్ని నమ్ముకుని వచ్చిన నల్లజాతి కుటుంబాలవి. వాళ్ళ పెద్ద డోర్కస్ పెద్దమ్మ. పగలంతా వాళ్ళూ మాతో సమానంగా మట్టి మోసేవారు. కానీ సైనికులు తప్ప ఎవరూ కోటలోకి రాకూడదని పైనుంచి ఉత్తర్వు.

ఇంతలో కెప్టెన్‌కి చలిజ్వరం పట్టుకుని పక్షం రోజులు డేరా దాటలేదు. పటం ప్రకారం తూర్పుగోడ ఒక బండరాయి దగ్గర మలుపు తిరగాలి. సార్జెంటు అక్కడ నిలబడి తల అడ్డంగా ఊపాడు.

"ఇంకో అడుగు ముందుకి."

అడుగు వేశాం. గంటకి మళ్ళీ, "ఇంకో అడుగు."

మా నడుములు విరిగాయి, బొబ్బలు చితికాయి. ఆయన గొంతు మాత్రం అరగలేదు.

"ఈ గోడ మిషిగన్ దాకా వెళ్తుందాండీ?" అని అరిచాను.

"మట్టి చాలితే!"

డోర్కస్ పెద్దమ్మ బుట్ట దించి, "నువ్వు నోరు తెరవడం తగ్గిస్తే ఇంకో రెండు బుట్టలు పడతాయి నాయనా," అంది నాతో. ఆవిడ కూడా ఆయన జట్టే అని నాకప్పుడే తట్టవలసింది.

జ్వరం తగ్గి బయటికొచ్చిన కెప్టెన్ పటం వంకా గోడ వంకా పదిసార్లు చూశాడు. గోడ వాలంతా దిగి, ఇరవై గుడారాలనూ చుట్టి, తిరిగి పైకెక్కింది.

"సార్జెంట్! ఇది పటంలో ఎక్కడుంది?"

"కాగితం చాల్లేదండీ."

"బయటివాళ్ళని కోటలోకి రానివ్వకూడదన్న ఉత్తర్వు తెలుసా?"

"వాళ్ళు రాలేదండీ. ఒక్క గుడారం మేకు కూడా కదల్లేదు. కోటే అటు వెళ్ళింది."

మేం నవ్వు ఆపుకోలేక చచ్చాం. కెప్టెన్ మాత్రం నవ్వలేదు. "రేపు కూల్చెయ్యండి," అని వెళ్ళిపోయాడు.

ఆ 'రేపు' మాకంటే ముందే శత్రువుల ఫిరంగులు లేచాయి. తూర్పువైపు నుంచే కొట్టారు. గుండు వచ్చినప్పుడల్లా గోడ గుబుక్కుమని మింగింది. పెళ్ళ ఊడినచోటల్లా మేమూ, గుడారాలవాళ్ళూ కలిసి మట్టి కుక్కాం. మధ్యాహ్నానికి అవతలివాళ్ళు విసిగిపోయి వెళ్ళిపోయారు.

కెప్టెన్ తూర్పుగోడలో దిగిన గుండ్లు లెక్కపెట్టాడు. పదకొండు. గోడకి ఇవతల ఎవరో పసిబిడ్డకి నీళ్ళు పోస్తున్నారు. ఆయన అటు చూసి, పటమూ పెన్సిలూ తెప్పించాడు. పాత గీత చెరిపి, వాలు మీదుగా కొత్త గీత గీసి, కింద సంతకం పెట్టాడు.

"గీత వంకరొచ్చింది. జ్వరం ఇంకా తగ్గలేదు," అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

డోర్కస్ పెద్దమ్మ పొయ్యి మీది మొక్కజొన్న రొట్టె విరిచి పళ్ళెంలో పెట్టింది. సార్జెంటు ఆత్రంగా చెయ్యి చాపాడు.

"ఆగు. చేతులు చూసుకున్నావా? ముందు కడుక్కురా."

దళం మొత్తాన్ని గడగడలాడించే మనిషి, తిన్నగా బకెట్టు దగ్గరికి వెళ్ళి, గోళ్ళతో సహా రుద్దుకుని, రెండు చేతులూ తెచ్చి ఆవిడకి చూపించాడు.

ఆవిడ వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఊఁ, తిను," అంది.