వాగు మలుపున పాత ఊరు

నవంబరు రెండో తారీఖు సమాధుల పండుగ. మధిరలో మా వాళ్ళు ముందురోజే సమాధుల తోటకు వెళ్ళి గడ్డి పీకి, సున్నం కొట్టి, తమ తమ రాళ్ళు కడిగి పెట్టుకుంటారు. పండుగ సాయంత్రం కొవ్వొత్తులూ బంతిపూలూ పట్టుకుని కుటుంబాలతో వస్తారు. చిన్నప్పుడు నాకు ఆ పండుగంటే ఒళ్ళుమంట. అందరికీ కూర్చోవడానికి ఒక రాయి ఉండేది, నాకు లేదు. మా అమ్మ అడవిలో ఉంది. అడవిలో ఎక్కడుందో చెప్పగలిగినవాళ్ళు లేరు.

పెళ్ళయిన కొత్తలో నాన్న వెదురు కూపులో గుమాస్తా. కూపు అంటే నరకడానికి గీత గీసి ఇచ్చిన అడవి ముక్క. అమ్మ ఆ క్యాంపులోనే కూలీలకు వండిపెట్టేది. నాకు ఊహ తెలియని వయసు, నన్ను మధిరలో నాన్న వాళ్ళ అక్క దగ్గర ఉంచారు. ఒక వానాకాలం అడవిలో జ్వరాలు పడ్డాయి. వాగులు పొంగి దవాఖానాకు దారి లేకపోయింది. అమ్మ పోయింది. క్యాంపు పక్కనున్న గూడెం వాళ్ళు చేయి వేస్తే నాన్న అక్కడే పూడ్చిపెట్టి, ఒక్కడే మధిర వచ్చాడు. మళ్ళీ కూపు మొహం చూడలేదు. పత్తి మిల్లులో చేరాడు.

నేను హైస్కూల్లో ఉండగా నాన్న సిమెంటుతో ఒక చిన్న సిలువ చేయించి, గోనెసంచిలో చుట్టుకుని, ఆ గూడేనికి బయలుదేరాడు. పోయినవాడు ఆ సిలువతోనే తిరిగొచ్చాడు. చెప్పులు చేతిలో ఉన్నాయి, పంచె మోకాళ్ళదాకా బురద. అరుగు మీద కూలబడి అన్నాడు.

"దొరకలేదక్కా. గూడెం దొరికింది. ఇదేనా ఫలానా ఊరు అనడిగితే, అవ్, ఇదే అన్నరు. కానీ నేను ఆమెను పెట్టింది వాగు మలుపులో, మద్దిచెట్టు కింద. అక్కడ మలుపే లేదు. వాగు తిన్నగ పోతంది."

"వాగు గూడ పారిపోయిందా నీకు భయపడి?" అంది అత్త. "పెళ్ళాన్ని పూడ్చిన చోటు మర్చిపోయిన మొగోణ్ణి నిన్నే చూస్తన్నా."

మా అత్త చెడ్డమనిషి కాదు. నన్ను కడుపున పుట్టినవాడిలా పెంచింది. కానీ ఆమె నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. మర్నాటికి ఆ మాట ఆమె మరిచిపోయి ఉంటుంది. నాన్న మరవలేదు. కొన్నాళ్ళు మలుపు ఉంది అని వాదించాడు. తర్వాత "ఏమో, నేనే మర్చిపోయినట్టున్నా" అనడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత అదీ అనలేదు. సిలువ తలుపు వెనక గోడకు ఆనించి ఉండిపోయింది. వానాకాలంలో అత్త దానికి గొడుగు తగిలించేది. సమాధుల పండుగ రోజు నాన్న ఇంట్లోంచి కదిలేవాడు కాదు. భార్య సమాధిని పోగొట్టుకున్నవాడు నలుగురి సమాధుల మధ్య ఏ మొహంతో తిరుగుతాడు?

రెండువేల సంవత్సరం దాటాక ముందు అత్త, తర్వాత నాన్న పోయారు. ఇద్దరివీ పక్కపక్కన సమాధులు. నేను పెళ్ళి చేసుకోలేదు. తాడూ బొంగరం లేనివాణ్ణని బంధువులు నా ముందే అనేవాళ్ళు. సర్కారు బళ్ళో సోషల్ చెప్పేవాణ్ణి. నన్ను దమ్మపేట వైపు బదిలీ చేస్తే ఎవరినీ అడిగే పని లేకుండా ఒక ట్రంకుపెట్టె, ఒక స్టవ్వు, ఆ సిలువ తీసుకుని వెళ్ళి కిరాయి గదిలో దిగాను. ఇల్లుగలాయన సిలువను చూసి "ఇదేంది సారూ?" అన్నాడు. నాన్నది అన్నాను.

అడవి దగ్గరికి వచ్చాను కదా అని ఆ ఎండాకాలమే గూడేనికి వెళ్ళాను. జూలూరుపాడు వైపు వెళ్ళే బస్సు దిగి, సైకిలు కిరాయికి తీసుకుని పోయాను. ఇదేనా ఫలానా ఊరు అని అడిగాను. అవ్, ఇదే అన్నారు. వాగు చూశాను. గీత గీసినట్టు తిన్నగా పోతోంది. ఆ రోజు నాకు నాన్న మీద కోపం రాలేదంటే అబద్ధం. అత్త అన్నదాంట్లో తప్పేముందనిపించింది.

మా బడి స్టోరురూములో ఒక రేకుపెట్టె ఉండేది. విరిగిన గ్లోబుల కింద గుడ్డకు అంటించిన పాత మ్యాపులు దొరికాయి. నిజాం కాలంలో సర్వే చేసిన షీట్లు, అంగుళానికి మైలు లెక్క. "చెదలు తినకముందే మీరు తినండి" అని హెడ్మాస్టరు నాకు ఇచ్చేశాడు. గదిలో మంచం ఎత్తి గోడకు పెడితే గాని పరవడానికి చోటు చాలేది కాదు. గోధుమరంగు గీతలు గుట్టలు, నీలం గీతలు వాగులు, చుక్కల దారి బండ్ల బాట, ఎర్ర మచ్చలు ఇళ్ళు. అంత పెద్ద అడవి నా గదిలో పరుచుకుంటే, మాట్లాడే మనిషి లేకపోయినా పొద్దుపోయేది.

ఆదివారాలు చర్చి అయ్యాక ఒక షీటు మడిచి సంచిలో పెట్టుకుని తిరిగేవాణ్ణి. దూరం కొలవడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాను. దారాన్ని తడిపి, వాగు వంపుల వెంబడే మ్యాపు మీద పరిచి, తర్వాత తిన్నగా లాగి స్కేలు మీద పెట్టడం. మ్యాపులో ఊరున్న చోట ఇప్పుడు జామాయిల్ తోట ఉండేది. తోట నడుమ ముళ్ళపొదలో రాతి బావి కనిపించేది. బండ్ల బాట ఉందన్న చోట పామాయిల్ చెట్ల మధ్య నేల రెండు చారలుగా గుంటపడి ఉండేది. ఇవన్నీ చూసి వచ్చి స్టాఫురూములో చెప్పబోతే, "సారూ, లేని ఊళ్ళకు బస్సేమన్న ఉన్నదా?" అని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. చెప్పుకునే మనిషి లేనివాడికి చూసిన వింత కూడా బరువే. అందుకే చెప్పడం మానేశాను.

నాన్న చెప్పిన గూడెం ఉన్న షీటు అన్నిటికన్నా అడుగున ఉంది. ఒక అక్టోబరులో తీశాను. గూడెం పేరు ఇంగ్లీషులో వంకరటింకరగా రాసి ఉంది. కానీ ఉండాల్సిన చోట లేదు. రెండు వాగులు కలిసే చోటి నుంచి దారం పెట్టి కొలిచాను. నేను చూసి వచ్చిన గూడేనికి రెండు మైళ్ళు దిగువన, అవతలి గట్టున ఉంది. సర్వే దొర ఎండకు తాళలేక గుడారంలో కూర్చుని కాకిలెక్కలు వేసినట్టున్నాడని తిట్టుకున్నాను. పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టబోయి, ఆ ఎర్ర మచ్చల పక్కన నీలం గీతను చూశాను. అప్పటిదాకా తిన్నగా వచ్చిన వాగు అక్కడ గుర్రపు లాడంలా చుట్టు తిరిగింది. పెన్సిలు కింద పెట్టేశాను.

మర్నాడే గూడేనికి పోయాను. ఒక ముసలావిడ పందిరి కింద పత్తి ముందేసుకుని అందులోని ఎండుటాకులు ఏరుతోంది.

"అవ్వా, ఈ ఊరు మొదటినుంచీ ఇక్కడనే ఉన్నదా?" అని అడిగాను.

"ఈడేడుండె సారూ! నాకు పెండ్లైన కొత్తల ఊరు గా దిగువనుండె, వాగవతల. జరాలొచ్చినయ్. మస్తుమంది పోయిండ్రు. ఇగ ఆ జాగ మనకు పడదని పెద్దలు లేపిండ్రు. గుడిసెలు పీక్కోని ఈడికొచ్చినం."

"మరి పేరు? అక్కడి పేరే ఇక్కడా?"

ఆమె నవ్వింది. "మరేంది? మనుషులొచ్చినంక పేరు ఆడ ఒక్కతి ఏం జేస్తది సారూ? ఆడ ఎవల్ని పిలుస్తరు?"

అక్కడ ఊరు లేవదీసేవాళ్ళు దూలాలతో పాటు పేరూ మోసుకుపోతారు. వాళ్ళకది చెప్పుకోవలసిన సంగతే కాదు. మాకు ఊరంటే చోటు, వాళ్ళకు ఊరంటే మనుషులు. నాన్న ఇదేనా ఊరు అని అడిగాడు, అవునన్నారు. నేనూ అదే అడిగాను, అవునన్నారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదా అవ్వా అంటే, "ఎవలడిగిండ్రు?" అంది.

ఆ క్షణమే వాగు దాటాలనుకున్నాను. ఆమె ఒప్పుకోలేదు. "నీళ్ళు నిండుగున్నయ్ సారూ, కొట్టుకపోతవ్. జర తగ్గనియ్" అంది. ఆ అక్టోబరు గడవడం నాకు మహా కష్టమైంది. ఎవరితోనన్నా చెప్పాలని నాలుక పీకేది. నాన్న పేరు తెలిసిన మనిషి దమ్మపేటలో ఒక్కడూ లేడు.

సమాధుల పండుగ నాడు సెలవు పెట్టి, సిలువను గోనెసంచిలో చుట్టుకుని వెళ్ళాను. అవ్వ గడ్డపార ఇచ్చింది. నీళ్ళు తొడలదాకా ఉన్నాయి. భుజం మీద సిమెంటు బరువు, కాళ్ళ కింద పాకుడు రాళ్ళు. అవతల గట్టెక్కి వాగు వెంబడే దిగువకు నడిచాను. అడవిలో వరసగా చింతచెట్లు కనిపించాయి. వాటి కింద పగిలిన కుండ పెంకులు, నేలలో పాతుకుపోయిన ఒక రోలు. ఇంకాస్త ముందుకు పోతే వాగు చుట్టు తిరిగింది. మలుపు లోపలి గట్టున పెద్ద మద్దిచెట్టు ఉంది.

చెట్టు కింద మట్టిలో కూరుకుపోయిన రాళ్ళ కుప్పలు చాలా ఉన్నాయి. ఆ ఏటి జ్వరాలకు పోయింది మా అమ్మ ఒక్కతే కాదు. ఏది అమ్మదో తెలియలేదు. ఒక్కొక్క కుప్ప దగ్గరా మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. చివరికి అన్నిటి నడుమ గొయ్యి తవ్వి సిలువ నిలబెట్టాను. తెచ్చిన కొవ్వొత్తులు ఒక్కో కుప్పకు ఒకటి పెట్టాను. కొన్ని కుప్పలకు చాలలేదు. పాట పాడాలి కదా అని ఎత్తుకున్నాను. పదిమంది పాడే పాట ఒక్కడికి నిలవదు, రెండో చరణానికే గొంతు పోయింది. అమ్మా అని పిలవాలనిపించింది. ఆ పిలుపు అలవాటు లేక నోరు తిరగలేదు. అక్కడే కూర్చుని ఏడ్చాను.

మర్నాడు మధిర వెళ్ళాను. పండుగ అయిపోయింది, సమాధుల తోటలో మనిషి లేడు. రాళ్ళ మీద కరిగిన మైనం, వాడిన బంతిపూలు ఉన్నాయి. నాన్న సమాధి మీద ఏమీ లేవు. వాగు మలుపులో ఏరిన గుండ్రాయి ఒకటి సంచిలోంచి తీసి తల దగ్గర పెట్టాను. మ్యాపు విప్పి, గాలికి ఎగరకుండా అంచు మీద చెయ్యి పెట్టి, ఆ నీలం చుట్టు మీద వేలుంచాను. పక్కనే అత్త సమాధి. ఆమెకు కూడా వినపడాలని కొంచెం గట్టిగానే చెప్పాను.

"నాన్నా, వాగు ఎక్కడికీ పారిపోలే. మలుపు అక్కడ్నే ఉంది. ఊరే లేచిపోయింది. నువ్వేం మర్చిపోలే."