ఆఖరి గంప ఖాళీ అయ్యేదాకా

మా మేనత్త ఎర్రమ్మకు అస్కా శనివారం సంతలో రెండు చాపలు పరిచేంత జాగా ఉండేది. ఆమెకున్న ఆస్తి అంతే. ఇల్లు మామగారిది, తెప్ప మొగుడిది, సముద్రం ఎవరిదో ఎవరికీ తెలీదు. ఆ జాగా మాత్రం ఆమె సంపాదించుకున్నది.

గంజాం ఒడ్డున మా పేటలో ఆడవాళ్ళు అప్పటికి పచ్చిచేపే అమ్మేవారు. తెప్పలు ఒడ్డెక్కగానే గంప నెత్తికెత్తుకుని, చేప చెడేలోగా ఎంత దూరం నడవగలిగితే అంతే వాళ్ళ లోకం. అయిదు మైళ్ళు, మహా అయితే ఏడు. మిగిలినది ఇసకలో ఎండేసి, ఒడ్డుకొచ్చిన షావుకారు ఎంతంటే అంతకి పడేసేవారు. మా అత్తకిది నచ్చలేదు. ఎండిన చేప చెడదు కదా, మనమెందుకు ఏడు మైళ్ళ దగ్గరే ఆగిపోవాలి అని అడిగింది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నవ్వారు.

ఆమె చేసిన మొదటి పని, చేపని ఇసకలోంచి లేపడం. తాటాకు చాపలు అల్లించి వాటిమీద నెత్తళ్ళు, వేలెడంత చేపలు, ఎండబెట్టింది. ఇసక రేణువు పంటికింద పడని ఎండుచేప ఆ చుట్టుపక్కల అప్పటికి ఎవరూ తినలేదు. రెండో పని, అప్పయ్యని పట్టుకోవడం. ఆయన మెట్టప్రాంతం తెలుగు రైతు. దుక్కులు అయిపోయాక ఎద్దులు ఊరికే మేస్తుంటే చూస్తూ కూర్చునేవాడు. ఆయన ఎద్దులబండి మీద రెండు రోజులు ప్రయాణం చేసి ఆమె అస్కా చేరింది.

మొదటి యేడాది పశువుల సంత వెనకాల, పేడ మధ్య కూర్చోబెట్టారు. కూర్చుంది. తర్వాత ఏటి దారిలో మూలజాగా ఖాళీ అయితే పట్టుకుంది. కొండల్లోంచి దిగి వచ్చేవాళ్ళు సంతలో మొదట అడుగుపెట్టేది ఆ మూలనే. వాళ్ళు గీచిగీచి బేరమాడరు. వాసన చూసి, బాగుంటే వారాలకి సరిపడా తీసుకుంటారు, ఒకసారి మోసపోతే మళ్ళీ ముఖం చూడరు. మూడేళ్ళలో ఆమె వాళ్ళందరికీ నొలియా మౌసీ అయిపోయింది. ఒడియాలో నొలియా అంటే మా కులం, మౌసీ అంటే పిన్ని.

నేను తర్వాత బరంపురంలో చదువుకున్నాను. వర్తకం అంటే ఓడలనీ, మిల్లులనీ, గోదాములనీ పుస్తకాల్లో చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. మా అత్త రెండు చాపల వెనకాల ఎనిమిది కొంపలుండేవి. కాసమ్మ, అమ్మడు, ఇంకో ఆరుగురు ఆడవాళ్ళు ఆమె కోసం చేప ఎండబెట్టేవారు. ఉప్పు మోసేవాడు, చాపలల్లే ముసలిది, గంపలు కట్టేవాడు, అప్పయ్య, అప్పయ్య ఎద్దులు, అన్నీ ఆ మూలజాగా మీదే బతికేవి. ఇది ఏ దస్తావేజులోనూ ఉండదు. నెత్తి మీద పోయే సరుకుని సర్కారు సరుకనుకోదు.

ఇంతలో మద్రాసు సర్కారు పోయి కటకం సర్కారు వచ్చింది. కొత్త ఒరిస్సా రాష్ట్రం కట్టిన రెండో యేటో మూడో యేటో, సంత ఆశీలు కొత్త పాటదారు పాడుకున్నాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఆయన రాగానే ఒక కట్టుబాటు పెట్టాడు. వరసగా రెండు శనివారాలు జాగా ఖాళీగా ఉంటే అది ఇంకొకరికి పోతుంది. అందులో తెలుగూ లేదు, ఒడియా లేదు, అందరికీ ఒకటే. కాకపోతే మా అత్త జాగా మీద బరంపురం టోకు వర్తకుడొకడు కన్నేశాడు. అతని గుమస్తా ప్రతి శనివారం వచ్చి, ఆ మూల నిలబడి, ఎంతమంది దిగి వస్తున్నారో చూసి పోయేవాడు. పలకరిస్తే నవ్వేవాడు కూడా. మర్యాదస్థుడే.

ఆ భాద్రపదంలో గాలి పట్టింది. వారం రోజులు తెప్పలు దిగలేదు, ఎండ లేదు, అప్పయ్య బండి బురదలో దిగబడింది. ఒక శనివారం జాగా ఖాళీగా ఉండిపోయింది. ఆ మర్నాడు, ఆదివారానికి, గాలి తెరిపిచ్చింది. పాత సరుకంతా మళ్ళీ ఎండలో వేసి, గంపలకెత్తి, గురువారం బండి కట్టాలనుకున్నారు.

మంగళవారం పొద్దున్న అత్త మొగుడు, మా మావయ్య పైడన్న, తెప్ప దించాడు. పైడన్న మాట తక్కువ మనిషి. చేతికి ఎముక లేదు, దొరికిన చేపలో సగం దారినపోయేవాళ్ళకే ఇచ్చేవాడు. అత్త వ్యాపారం గురించి మంచీ చెడూ అనేవాడు కాదు. ప్రతి గురువారం గంపలు మాత్రం తనే మోసుకెళ్ళి రోడ్డు మీద బండికెత్తి, వెనక్కి తిరిగి వచ్చేసేవాడు. ఆ పొద్దున్న కూడా "నెత్తళ్ళు దిగాయంట" అని ఒక్క మాట అని వెళ్ళాడు. తెప్ప మీద జతగాడు దేముడనే అతను. మధ్యాహ్నానికి దేముడొక్కడే ఈదుకుంటూ ఒడ్డుకి వచ్చాడు. కరళ్ళ దగ్గర, అలలు విరిగే చోట, తెప్ప తిరగబడిందని, పైడన్న మళ్ళీ కనబడలేదని చెప్పాడు. చెప్పి ఇసకలో వాంతి చేసుకున్నాడు.

ఆ సాయంత్రం, మర్నాడంతా మగవాళ్ళు ఒడ్డు వెంట వెతికారు. మా అత్త ఇంటి ముందు కూర్చుని గంపల మూతలు కుడుతూనే ఉంది. పక్కన కూర్చున్న ఆడవాళ్ళు శోకాలు తీయబోతే చెయ్యెత్తి ఆపింది. బుధవారం పొద్దుగూకే వేళ కులపెద్ద మసేను వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"సూడమ్మీ," అన్నాడు. "శవం కంటబడేదాకా మనిసి పోనాడనడానికి నేదు. తొమ్మిది దినాలు సూస్తాం. అంతవరకూ నీ బొట్టూ గాజులూ ఎవులూ ముట్టరు."

"మరి ఇంట మైల ఉన్నట్టా, నేనట్టా మావా?"

"కబురు సెవినబడితేనే గదా మైల. ఇంకా ఏ కబురూ నేదు."

"అలగయితే రేపు బండి కట్టిస్తాను," అంది మా అత్త.

అంతకుముందు నన్ను ఒళ్ళో పెట్టుకుని ముద్దుచేసిన మనిషి అంత మాట ఎలా అందో అని మా అమ్మ ముసలిదయ్యే వరకూ అంటూనే ఉండేది. మసేనుకి కోపం వచ్చింది. "మొగుడు సముద్రంలో ఉంటే సంతేటే నీకు?" అన్నాడు.

"ఈ శనివారం కూడా నేనెల్లకపోతే ఆ జాగా పోద్ది. జాగా పోతే ఈ ఎనిమిది మందీ మల్లీ ఒడ్డుకొచ్చిన షావుకారు కాళ్ళట్టుకోవాలి. ఆడొచ్చీవోడైతే నేను సంతకెల్లొచ్చేసరికి ఒస్తాడు. రానోడైతే నేనిక్కడ కూకుంటే ఒస్తాడా?"

ఇంటిలోంచి కాసమ్మ ఏడుపు వినిపించింది. ఆమె గంపలు కూడా ఆ బండికే ఎక్కాలి, అందుకని వెళ్ళొద్దని అనలేకపోయింది. గురువారం గంపలు రోడ్డుకి మోసింది మా అయ్య గంగన్న. అత్తకి తమ్ముడు. బండి కదిలాక చాలాసేపు అక్కడే నిలబడ్డాడట.

శనివారం ఉదయం ఆమె చేరేసరికి గుమస్తా ఆ మూలనే ఉన్నాడు. మనిషొకడు చేతిలో కొత్త చాప చుట్టతో వెనక నిలబడ్డాడు. మా అత్త తన రెండు చాపలూ పరిచి, నాడాల్లాంటి సావడాలొక పక్క, కవళ్ళొక పక్క, మధ్యలో నెత్తళ్ళు పోసి కూర్చుంది. పాటదారు మనిషి వచ్చి చూసి, ఆశీలు తీసుకుని పోయాడు. గుమస్తా కాసేపు నిలబడి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. తెచ్చినవి పదకొండు గంపలు. గాలివానకి ఒక వారం ఎండుచేప లేక ముఖం వాచిన జనం, దిగి వచ్చినవాళ్ళు వచ్చినట్టే మూగారు.

పొద్దు నడినెత్తికి వచ్చేవేళకి ఆరు గంపలయ్యాయి. అప్పుడే మా అయ్య సంతలోకి వచ్చాడు. బరంపురం దాకా నడిచి, అక్కణ్ణించి బస్సెక్కి వచ్చాడు. అంతకుముందు ఎన్నడూ అస్కా మొహం చూసినవాడు కాడు. ఎప్పుడూ దించని తలగుడ్డ లేదు.

మా అయ్య నోట్లో నువ్వుగింజ నానదు. పేటలో ఎవరింట్లో కూర మాడినా మొదట చెప్పేది ఆయనే. అలాంటి మనిషి గొంతులో కబురు పెట్టుకుని జనాన్ని తోసుకుంటూ "అప్పా" అని అక్కని పిలిచాడు.

మా అత్త తలెత్తింది. ఆయన్ని పైనుంచి కిందకి ఒకసారి చూసింది. చేతిలో మానికెడు నెత్తళ్ళున్నాయి, అవి ఒక కొండమనిషి సంచిలో పోసింది. అప్పుడంది.

"గంగన్నా, చాప తొక్కకు. దేన్నీ తాకకు. ఆ రాయి మీద కూకో."

"అప్పా, బావ..."

"నోరిప్పకు." అరవలేదు. మామూలు గొంతుతోనే అంది. "ఇంకా అయిదు గంపలున్నాయి. ఆఖరి గంప ఖాళీ అయ్యేదాకా నువ్వు నాకేటీ సెప్పలేదు, నేనేటీ యినలేదు. సెప్పీసినావంటే ఈ సరుకు ఎవులూ ముట్టరు. నేను కూడా ముట్టకూడదు."

మా అయ్య రాయి మీద కూర్చున్నాడు. అప్పటి నుంచి పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాడు. నా జన్మలో అంత శిక్ష ఇంకెప్పుడూ పడలేదని ఆయన మాకు వందసార్లు చెప్పాడు. బేరం కాస్త పల్చబడినప్పుడల్లా ఆయన నోరు తెరిచేవాడట. తెరిచినప్పుడల్లా ఆమే ఏదో ఒకటి అడిగేది.

"మేక ఈనిందేటి?"

"ఈనింది."

"ఎన్ని?"

"రెండు. ఒకటి పోనాది."

ఆ మాట అనేశాక మా అయ్యకి తల కొట్టేసినట్టయింది. ఆమె మాత్రం వినిపించుకున్నట్టు కూడా లేదు. పక్కనున్న ఆవిడకి సావడాలు కట్ట కట్టి ఇస్తూ, ఒడియాలో, ఇంట్లో పిల్లలెలా ఉన్నారని అడిగింది. మా అయ్య ఎన్నిసార్లు చెప్పినా ఈ ఘట్టం దగ్గర నాకు అత్త మీద కోపం వచ్చేది. ఏం గుండె అది, రాయా అనిపించేది. ఇప్పటికీ కొంచెం అనిపిస్తుంది.

పొద్దు వాలింది. ఆఖరి గంప అడుగున పొడి మిగిలితే అది కూడా ఒక ముసలమ్మ కొంగులో పోసింది. గంపలు ఒకదానిలో ఒకటి దోపింది. చాపలు దులిపి చుట్టింది. ఏటికి వెళ్ళి మోచేతుల దాకా చేతులు కడుక్కుని వచ్చి తమ్ముడి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఇప్పుడు సెప్పు."

అన్ని గంటలు నోట్లో ఉన్న మాట మా అయ్యకి అప్పుడు రాలేదు. ఏడుపే వచ్చింది. ఆయన ఏడ్చినంతసేపూ ఆమె ఆగింది.

"ఎప్పుడొచ్చినాడు?" అంది చివరికి.

"నిన్న పొద్దున్న. మన ఒడ్డుకే ఒచ్చినాడు."

"ఆనవాలుందా?"

"మొలతాడు సూసి పోల్చినాం. నువ్వొచ్చేదాకా ఉంచడానికి నేకపోనాది అప్పా. నిన్న సందలడ, పొద్దు గూకీసరికే, సాగనంపీసినాం."

"సరే," అంది. బండి కట్టమని అప్పయ్యకి చెప్పింది.

ఆ తర్వాతి శనివారం ఆమె మైలలో ఉంది. పదకొండో రోజు స్నానం అయిన రెండో నాడే బండి కట్టించి, ఆ పై శనివారం బోసి చేతులతో మళ్ళీ ఆ మూల చాప పరిచింది. జాగా నిలబడింది. పేటలో కూటం పెట్టారు. మైల చేప అమ్మిందని తప్పు కట్టించాలన్నారు కొందరు. మసేను మా అయ్యని లేపి, కబురు ఎప్పుడు చెప్పావురా అని అడిగాడు. పొద్దుగూకినాక చెప్పానన్నాడు మా అయ్య. అది నిజమే కాబట్టి కూటం లేచిపోయింది. ఆ ఎనిమిది మంది ఆడవాళ్ళలో ఒక్కరు కూడా నోరిప్పలేదు, అటూ ఇటూ కూడా. వాళ్ళ చేప అమ్ముడుపోయింది, ఆ యేడు వాళ్ళ ఇళ్ళ మీద కొత్త గడ్డి పడింది. మొగుడికంటే గంప ఎక్కువైన మనిషి అని ఆమె వెనకాల అన్నవాళ్ళలో వాళ్ళు కూడా ఉన్నారు.

ఇంకో ఇరవై రెండేళ్ళు ఆమె ఆ సంత చేసింది. నా చదువు కూడా ఆ చాపల మీదే సాగింది, అందుకే ఆమెని అనే హక్కు నాకు లేదు. కాళ్ళు పడిపోయాక బరంపురం పక్క అంకులిలో మా ఇంటికి తెచ్చుకున్నాను. ఒక మధ్యాహ్నం, తల దువ్వుతూ, ఎన్నాళ్ళ నుంచో నాలుక చివరున్నది అడిగేశాను.

"అత్తా, ఆ రోజు నీకు ఏడుపు రాలేదా?"

"ఎందుకు రాదే? మీ అయ్య నడిసొచ్చీది సూడగానే ఒచ్చీసినాది. గొంతు దాకా ఒచ్చింది. బేరాలున్నాయి గదా, సందలడ ఏడుద్దాంలే అనీసి ఆపీసినాను."

చిక్కు తగిలింది, దువ్వెన ఆపాను.

"సందలడ కూకుని సూసుకుంటే నేదు," అంది. "మల్లీ రానే నేదు."