చీవాట్ల పిన్ని మెచ్చిన పుస్తకం

అద్దెకు పుస్తకాలిచ్చే ఆ దుకాణం భర్తదే అయినా, దాని పేరుప్రతిష్ఠలన్నీ భార్య నోటి చలవే. వీధిలో అందరికీ ఆమె చీవాట్ల పిన్ని. దయ్యాల నవల గానీ మాయాలోకాల నవల గానీ, కొత్తగా ఏదొచ్చినా ముందు ఆమె చదివి, దులిపేశాకే అరలోకి చేరేది.

ఈమధ్య ఏడు భాగాల మాయాలోకం కథ ఒకటి వచ్చింది. మొదటి పేజీలోనే ఓ పటం, అందులో నోరు తిరగని పేర్లతో కొండలు. లోకాన్ని కాపాడాల్సిన కుర్రాడు మూడు భాగాలైపోయినా ఇంకా నడుస్తూనే ఉన్నాడు. ఎక్కడా చెప్పు తెగదు, కాళ్లు లాగవు. వాడు ఆ కొండలు చేరేలోపు తనకు కీళ్లనొప్పులు వచ్చేట్టున్నాయని పిన్ని మూతి తిప్పింది. ఇంకో నవలలో పాత బంగళాలో బొమ్మ కళ్లు తిప్పుతుంది. అక్కడుండే ఇల్లాలు దాన్ని తీసి చెత్తకుండీలో పడేయకుండా పుస్తకమంతా కెవ్వుకెవ్వుమంటూనే ఉంటుంది. పిన్ని దృష్టిలో అది దయ్యం కథ కాదు, ఇల్లు సర్దుకోవడం చేతకాని మనిషి కథ. నెత్తురు తాగే పిశాచం ప్రేమలో పడి కవిత్వం చెప్పే నవల గురించి అడిగితే, రాసినవాడికి ప్రేమా తెలీదు, ఆకలీ తెలీదు అని తేల్చేసింది.

చిత్రమేమిటంటే, ఆమె ఎంత దుమ్మెత్తిపోస్తే ఆ పుస్తకానికి అంత గిరాకీ. మరీ అంత ఘోరంగా ఉందా, అయితే ఇలా ఇవ్వండి అని ఎగబడేవాళ్లు. ఆ సంగతి భర్తకు బాగా తెలుసు. ఆమె తిట్లు లంకించుకుంటే చాలు, గొంతు ఆరిపోకుండా టీ తెచ్చి పక్కన పెట్టేవాడు.

అలాంటి దుకాణంలోకి ఓ సన్నపాటి పుస్తకం వచ్చింది. ఒక ఇంట్లో రోజూ భోజనాలయ్యాక గిన్నెల మధ్య ఒక కంచం ఎక్కువ కనిపిస్తుంది. ఎవరూ భయపడరు, అడగరు. కడిగి బోర్లిస్తారు. కొన్నాళ్లకు అందరికీ అలవాటైపోతుంది. చివరికి ఒకరోజు ఆ ఇంటి ఇల్లాలికే కంచం పెట్టరు. అంతే కథ. పిన్ని పుస్తకం మూసి, వంటింట్లోకి వెళ్లి, తన కంచం దాని చోట ఉందో లేదో చూసుకుంది. ఆమెకు నిజంగా భయం వేసింది. ఎన్నేళ్లకో ఒక పుస్తకం తనను భయపెట్టిందని ఎంత సంబరపడిందో చెప్పలేం. ఆ కంచం గురించి ఎవరితోనైనా మాట్లాడకపోతే ఊపిరాడేట్టు లేదు. భర్త చూస్తే పుస్తకాల వ్యాపారమే తప్ప పేజీ తిప్పిన పాపాన పోలేదు.

అందుకే వచ్చినవాళ్లందరికీ బాగుందని చెప్పింది. వాళ్ల మొహాలు వాడిపోయాయి. పిన్నే మెచ్చుకుందంటే అందులో నీతిబోధలు ఉంటాయనుకున్నారో ఏమో, ఒక్కరూ ముట్టుకోలేదు. కొన్న పుస్తకం ఆ ఏటి వానలు తగ్గేలోపు ఒక్కసారైనా బయటికి వెళ్లకపోతే పాత కాగితాలవాడికి వేసేయడం భర్త పద్ధతి. ఓ రోజు పొద్దున చూస్తే, వాడి కోసం కట్టిన కట్టలో ఆ పుస్తకమే పైన ఉంది.

"మెచ్చుకుని చంపావే దాన్ని," అన్నాడు భర్త. "నోరారా తిట్టు, అదే అద్దెకు పోతుంది."

చదివిన పుస్తకం గురించి పిన్ని ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. అయినా బ్యూటీ పార్లరామె లోపలికి రాగానే, కట్టలోంచి ఆ పుస్తకం లాగి బల్ల మీదికి విసిరింది. దయ్యం కథట, దయ్యమే లేదు, అంట్లు తోముకుంటూ కూర్చుంటారు, రాసినవాడికి సిగ్గుండాలి అంది. పార్లరామె మురిసిపోతూ పట్టుకెళ్లింది.

తిరిగి తెచ్చినప్పుడు ఆమె మొహంలో జాలి కనిపించింది.

"పిన్నీ, ఏమీ అనుకోకండి. ఇలాంటివి అర్థం కావాలంటే కాస్త మనసు పెట్టి చదవాలి. మీకు ఎక్కలేదంటే నాకేం ఆశ్చర్యం లేదులెండి."

పిన్నికి ఒళ్లు మండిపోయింది. కానీ నిజం చెబితే పుస్తకం మళ్లీ ఆ కట్టలోకే పోతుంది. పైగా, ఇన్నాళ్లకు ఆ కంచం గురించి మాట్లాడే మనిషి దొరికింది.

"అయితే చివర్న ఆమెకి కంచం ఎందుకు పెట్టలేదంటావ్?" అని మెల్లగా అడిగింది.

"అదేనండీ అసలు మలుపు. ఆ కంచాన్ని దయ్యం ఎత్తుకుపోయింది," అంది పార్లరామె, చిన్నపిల్లకు చెప్పినట్టు.

పిన్ని ఆమెను ఎగాదిగా చూసింది. నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేసి, అలాగా అని తలూపింది. జన్మలో అంత కష్టమైన పని చేసి ఎరగదు.

ఆ పుస్తకం మళ్లీ అరలో నిలవలేదు. టైలరు తీసుకెళ్లాడు, అతని వదిన తీసుకెళ్లింది, మందుల షాపాయన రెండుసార్లు తీసుకెళ్లాడు. గడపలో నిలబడి అందరూ ఒకేలా అడుగుతారు, పిన్నికి అర్థం కాని ఆ పుస్తకం ఉందా అని. భర్త నవ్వు దాచుకుంటూ టీ పెట్టడానికి లోపలికి వెళ్తాడు. పిన్ని పళ్లు నూరుకుంటూ లేచి, దాన్ని పైటచెంగుతో ఓసారి తుడిచి, వాళ్ల చేతుల్లో పెడుతుంది.