నాన్న వరండాలో కూర్చున్న రోజు

నిరుడు పోయిన మా నాన్న తాండూరులో సర్జన్. రోగి మంచం అంచున కూర్చుని, ఇంటి సంగతులన్నీ అడిగాకే పొట్ట మీద చెయ్యి వేసేవారు. అందుకే కొడంగల్, బషీరాబాద్‌ల నుంచి వచ్చినవాళ్లు "పెద్ద సారే చెయ్యాలె" అని పట్టుబట్టేవారు. ఆయన దగ్గర పని నేర్చుకున్న వికారాబాద్ డాక్టరమ్మ కత్తి పట్టుకుంటానంటే ఎవరూ ఒప్పుకునేవారు కాదు.

నేను కాలేజీలో ఉండగా నాకు అపెండిక్స్ ఆపరేషన్ అవసరమైంది.

"నా బిడ్డకు నువ్వే చెయ్యాలమ్మా," అన్నారు నాన్న ఆమెతో.

ఆమె బెదిరిపోయింది. "మీరుండంగ నేనా సార్?"

"నీ పని నాకు తెల్వదా? నేను బయట కూసుంట."

ఆపరేషన్ అయ్యేదాకా ఆయన వరండాలో, రోగుల బంధువుల మధ్య బల్ల మీద కూర్చున్నారట. మాటిమాటికీ థియేటర్ తలుపు వైపు చూస్తుంటే పక్కనున్న దోమ మండలం ఆవిడ, "ఫికర్ చెయ్యకుండ్రి సారూ," అని ధైర్యం చెప్పిందట.

మర్నాడు ఆవిడ భర్తకు హెర్నియా ఆపరేషన్. నా మంచం దగ్గరున్న నాన్నను వెతుక్కుంటూ వచ్చింది.

"మా ఆయనకు గా డాక్టరమ్మతోనే చేపియ్యుండ్రి సారూ. మీ బిడ్డనే ఆమె చేతుల పెట్టిండ్రు, ఇంక మాకేం భయం?"

నాన్న అప్పుడే నన్ను చూడటానికి లోపలికొచ్చిన డాక్టరమ్మ వైపు తిరిగి, "ఇన్నవా!" అన్నారు. నాకు ఫస్ట్ ర్యాంకు వచ్చినప్పుడు కూడా ఆయన గొంతులో అంత సంబరం వినలేదు.