మా చెల్లెలు బలపంతో గీసిన ఊరు

కంప్యూటర్ ఆటల కోసం ఊహా నగరాలు గీసే మా అమ్మాయి నిన్న నంద్యాల వచ్చి ఒక మేడ బొమ్మ చూపించింది. అచ్చం ఇడ్లీ పాత్రే. రేకుకో అంతస్తు, గుంటకో ఇల్లు. చూడగానే మా చెల్లెలు గుర్తొచ్చింది.

చిన్నప్పుడు ఆళ్లగడ్డలో మా ఇంటికి నాపరాళ్ల నేల ఉండేది. మా చెల్లెలు సుశీల దాని మీద బలపంతో ఒక ఊరు గీసింది. కవ్వం గోపురమట, తిరగలి బస్టాండట, జల్లెడ ఆస్పత్రి కిటికీ అట. రాతిపనికి ఊరెళ్లిన నాయనకు చూపించాలని మూడు రోజులు వంచిన తల ఎత్తలేదు.

శుక్రవారం పొద్దున దేవుడి ముందు ముగ్గు వేయాలని నేను తడిగుడ్డతో నేలంతా తుడిచేశాను.

“అక్కా, నా ఊరు యాడికి పాయె?”

“దేవునికంటే నీ గీతలెక్కువా? మళ్లా గీసుకోపో.”

మళ్లీ గీయలేదు. ఆ వారమే జ్వరం వచ్చింది. దానితోనే పోయింది.

కర్మలన్నీ అయ్యాక నాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. “పాప ఏమేం గీసిండెమ్మా? చెప్పు, ఇంటా.”

సుశీల వాగుతుంటే చెవిన పడ్డ రెండు మూడు చెప్పాను. మిగతా ఊరంతా నేను చూడకుండానే తుడిచాను.