కిటికీ పక్క బెంచి

మైకు కీచుమంది. శామీర్‌పేట దగ్గర నేను ఒకప్పుడు పనిచేసిన ప్రభుత్వ హైస్కూల్లో మొన్న కొత్త కౌన్సెలింగ్ గది ప్రారంభోత్సవం జరిగింది. పాత ఉపాధ్యాయుడినని నన్నూ పిలిచారు. ఎవరో మైకును వేలితో తట్టారు. ఒకప్పుడు అదే ఆవరణలో, అలాంటి మైకు పట్టుకుని నేను ఏం చదివేవాడినో గుర్తొచ్చింది. ఇంతలో వేదిక మీది పెద్దమనిషి గొంతు సవరించుకుని, "మన స్కూల్ల పిల్లల మనసు గురించి పట్టించుకునుడు గిదే మొదటిసారి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతులు కూడా లేచి, సగంలో ఆగిపోయాయి. అది పచ్చి అబద్ధం. ఆ సంగతి తెలిసిన వాళ్ళు ఆ వరసలో ఇంకొందరున్నారు. అందరమూ నోరు మూసుకుని కూర్చున్నాం.

మొదటిసారి పట్టించుకున్న మనిషి విమల టీచర్. జీవశాస్త్రం చెప్పేది. మేడ్చల్ నుంచి బస్సులో వచ్చేది. పొట్టి మనిషి, నవ్వకుండా జోకులేసేది. తొమ్మిదో తరగతికి ఆమె క్లాస్ టీచర్. ఆ తరగతిలో కిటికీ పక్క బెంచి ఒకటి ఎప్పుడూ ఖాళీగా ఉంచేది. మనసు బాగాలేని రోజు ఏ పిల్లయినా, ఏ పిల్లవాడైనా తన చోటు వదిలి వెళ్ళి అక్కడ కూర్చోవచ్చు. అక్కడ కూర్చున్నవాళ్ళను ఆ పూట ఎవరూ ప్రశ్న అడగకూడదు, లేపి నిలబెట్టకూడదు, ఎందుకు కూర్చున్నావని నిలదీయకూడదు. మధ్యాహ్న భోజనం అయ్యాక ఆమె వెళ్ళి పక్కన కూర్చునేది. కొన్నిసార్లు మాటలుండేవి కావు. ఇద్దరూ పల్లీలు ఒలుచుకుని తింటూ కిటికీలోంచి రోడ్డు చూసేవాళ్ళు.

స్టాఫ్ రూంలో ఆ బెంచి మీద జోకులకు లెక్కలేదు. "మేడం, నాకు గూడ ఒకటి ఏయించుండ్రి. ఇంట్ల మా ఆమె మస్తు సతాయిస్తాంది" అన్నాడు హిందీ సార్ ఒకరోజు.

"ఏయిస్త సార్. కాని దాని మీద కూసుంటే నోరు మూసుకోవాలె. మీతోని అయితదా?" అందామె.

నేను లెక్కల మాస్టారిని, నాకు ప్రతిదానికీ రుజువు కావాలి. "పరీక్ష ఎగ్గొట్టెటోళ్ళు గూడ పోయి కూసుంటరు కద మేడం?" అన్నాను.

"కూసుంటరు సార్. గసొంటోడు ఒక్క పూటకే బోరు కొట్టి లేస్తడు. నిజంగ బాధున్నోళ్ళు జాగ అడగరు. మనమే చూపియ్యాలె."

ఇక ఆ మైకు సంగతి. మా బడిలో సోమవారం ప్రార్థన అయ్యాక వారపు పరీక్ష మార్కులు మైకులో చదివేవాళ్ళం. తక్కువ వచ్చినవాళ్ళు ముందుకొచ్చి బడి మొత్తానికి ఎదురుగా నిలబడాలి. పదో తరగతి ఫలితాలు తగ్గితే పైవాళ్ళు అడుగుతారని పెద్దసార్ భయం. పెద్దసార్ అంటే మా హెడ్మాస్టర్. గొంతు పెద్దదని చదివే పని నాకిచ్చాడు. నేనూ గర్వంగానే చదివాను. విమల టీచర్ ఒక్కతే అడ్డుపడేది. "సార్, ఇన్‌స్పెక్షన్‌ల మీ పాఠం మంచిగ లేదని రాస్తే, అది నేను మైకుల చదువుత. ఊరంత ఇంటది. సరేనా?" అంది నాతో. నేను నవ్వేసి వెళ్ళిపోయాను.

ఆ సోమవారం ఆమె మేడ్చల్‌లో ట్రైనింగ్‌కు వెళ్ళింది. పొద్దున నేను చదివిన పేర్లలో తొమ్మిదో తరగతి శిరీష పేరుంది. ఆ పిల్లకు లెక్కల్లో సున్నా. తరువాత విమల టీచర్ పీరియడ్‌కు నన్నే పంపారు. లోపలికి వెళ్ళేసరికి శిరీష కిటికీ పక్క బెంచి మీద కూర్చుని ఉంది.

"లే" అన్నాను. లేవలేదు.

వెనక నుంచి ఒక పిల్ల, "సార్, గది కిటికీ బెంచి సార్. ఆడ కూసున్నోళ్ళను అడగొద్దు" అంది.

"నా క్లాసుల గసొంటి రూల్స్ నడవయి" అని శిరీషను చెయ్యి పట్టి లేపాను. "సున్నా తెచ్చుకునేంత కష్టం ఏమొచ్చిందమ్మా నీకు? అందరికి చెప్పు, మేం గూడ ఏడుస్తం" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. భోజనం గంట కొట్టగానే శిరీష సంచీ అక్కడే వదిలేసి బయటికి వెళ్ళిపోయింది.

బడి వదిలిన గంటకు వాళ్ళమ్మ వచ్చింది. గుండ్లపోచంపల్లిలో గోదాములో పని ఆమెకు. "నా బిడ్డ ఇంటికి రాలె సార్. ఏడికి వోయింది?" అని అడిగింది. నేను ఫోన్ చేస్తే విమల టీచర్ మమ్మల్ని చెరువు కట్టకు రమ్మని, తాను ఆటో మాట్లాడుకుని నేరుగా అక్కడికే పోయింది. మేమూ వెళ్ళాం. శిరీష నీళ్ళ అంచున రాళ్ళ మీద కూర్చుని ఉంది. తల్లి అరుస్తూ ఉరకబోతే విమల టీచర్ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. తానొక్కతే దిగి, పిల్ల పక్కన, బెంచి మీద కూర్చున్నట్టే కూర్చుంది. ఏమీ అడగలేదు. ఎండ దిగిపోయాక శిరీష తనంతట తాను లేచి ఆమె కొంగు పట్టుకుంది.

అంతకుముందు ఎండాకాలం సెలవుల్లోనే ఆ పిల్ల తమ్ముడు హైవే మీద లారీ కింద పడి చనిపోయాడు. వాడికి చేపలు పట్టడం ఇష్టమట, అక్కాతమ్ముళ్ళు ఆ రాళ్ళ మీదికే వచ్చేవాళ్ళట. ఈ సంగతి తరగతిలో పిల్లలందరికీ, విమల టీచర్‌కూ తెలుసు. సార్లలో ఒక్కరికీ తెలియదు.

విచారణకు ఒక అధికారి వచ్చాడు. "గా బెంచితోనే వచ్చింది సార్ గిదంత. మేడం పిల్లలకు లేని బాధలు నేర్పిస్తాంది" అన్నాడు పెద్దసార్. అధికారి నా వైపు తిరిగి, "ఆ రోజు క్లాసుల మీరే ఉన్నరట, ఏం జరిగింది?" అని అడిగాడు. విమల టీచర్ అక్కడే ఉంది. "ఏం లేదు సార్, పాఠం జెప్పి వచ్చిన" అన్నాను.

ఆమె నన్ను చూసి, తల తిప్పుకుంది. వారం తిరగకుండా ఆమెను దూరపు మండలానికి పంపేశారు. ఆ బెంచిని వరండాలోకి మోసిన రోజు ఒక కొస పట్టుకున్నది నేనే. 'మేడం పిల్లను పిచ్చిదాన్ని చేసిందట, అందుకే తీసేసిండ్రట' అని ఊళ్ళో పుట్టిన మాట ఇవాళ్టికీ చావలేదు. మొన్న సభలో నా వెనక కుర్చీలో మళ్ళీ విన్నాను. ఆ మాట అబద్ధం. పిల్లను చెరువు దాకా నడిపించింది నా నోరు, ఆ మైకు, దాన్ని నా చేతికిచ్చిన బడి. వెనక్కి తెచ్చింది విమల టీచర్. శిక్ష ఆమెకు పడింది, మైకు మా దగ్గరే ఉండిపోయింది.

శిరీష ఇప్పుడు మేడ్చల్‌లో మందుల దుకాణంలో పనిచేస్తోంది. కనిపిస్తే నమస్తే పెడుతుంది. తిరిగి పెట్టడానికి నా చేతులు బరువెక్కుతాయి.

సభ అయ్యాక కొత్త గది చూశాను. గోడకు నవ్వే పిల్లల బొమ్మలు, ప్లాస్టిక్ కవరు తీయని సోఫా. ఫొటోలు కాగానే అటెండర్ తాళం వేశాడు. "లోపట కూసోవచ్చా అన్నా?" అని ఒక పిల్ల అడిగితే, "పెద్దసార్‌ను అడుగు. ఎందుకో చెప్పి పర్మిషన్ దెచ్చుకో" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకో చెప్పగలిగిన పిల్లకు ఆ గదితో పనేముంది? వేదిక మీది పెద్దమనిషిని పట్టుకుని విమల టీచర్ పేరు చెప్పాను. "పాతయి ఇప్పుడెందుకు సార్, మంచి రోజు" అని నా భుజం తట్టి కారెక్కాడు. అందుకే ఇది రాస్తున్నాను.

ఇప్పుడు నేను పనిచేసే బడిలో, నా తరగతిలో, కిటికీ పక్కన ఒక బెంచి ఖాళీగా ఉంటుంది. నిన్న ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె వచ్చి దాని మీద కూర్చుంది. 'ఏమైంది?' అన్న మాట నా నోటి దాకా వచ్చింది. మింగేసి పాఠం చెప్పుకున్నాను. భోజనం అయ్యాక పల్లీల పొట్లం పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. తలెత్తకుండానే ఆ పిల్ల కొంచెం జరిగి నాకు చోటిచ్చింది.